పానకం ఊపిరి లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పశువైద్యం డిగ్రీ చేతికొచ్చి ఆర్నెల్లు కాలేదు, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెంపుడు జంతువుల ఆసుపత్రిలో జూనియర్‌గా చేరాను. స్టెతస్కోపు మెడలోంచి తీస్తే నన్నెవరూ డాక్టరనుకోరని భయం (ఉన్నా అనుకునేవారు కాదు లెండి, "డాక్టరు గారున్నారామ్మా?" అని నన్నే అడిగేవారు). అందుకని దాన్ని వేసుకునే టీ తాగేదాన్ని, వేసుకునే హాస్టల్ మెస్‌లో పప్పన్నం తినేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పానకం గుర్తొస్తే మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

పానకం ఒక కుక్క. మంగళగిరిలో చీరలు నేసే ఒకాయన పెంచుకున్నది. చిన్నప్పుడు ఎవరో కొండ మీది గుడి నుంచి తెచ్చిన పానకం చెంబులో మూతి పెట్టి మొత్తం తాగేసిందట, దాంతో ఆ పేరు ఖాయమైపోయింది. పదకొండేళ్లది, సగం పామరేనియన్, మిగతా సగం ఏమిటో ఆ వీధికే తెలియాలి. ఒకటే దగ్గుతోందని తీసుకొచ్చారు. మా పెద్ద డాక్టరు గారు దాని ఛాతీ పక్కన బొచ్చు గొరిగి గుండెకి స్కాన్ తీసి, లోపలి కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, రక్తం వెనక్కి కారుతోందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ప్రమాదమని చెప్పారు. నేతాయన భార్య అదంతా శ్రద్ధగా విని, గొరిగినచోట చలేస్తుందేమోనని సంచిలోంచి ఒక జాకెట్ గుడ్డ తీసి దానికి చుట్టింది. మాత్రలిచ్చాక జాగ్రత్తలు చెప్పే పని నాది. అది నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ లెక్కపెట్టాలని, ముప్పై దాటితే నీరు చేరుతున్నట్టేనని, వెంటనే నాకు ఫోన్ చేయాలని గట్టిగా చెప్పాను.

మూడో రోజే ఫోను. నలభై అన్నారాయన. నిద్రలోనేనా అని గద్దించాను. చిక్కంతా అక్కడే వచ్చింది. పానకం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మగ్గం గుంట పక్కనే పడుకుంటుంది, ఆ చప్పుడుకే నిద్రపోతుంది. లెక్కపెడదామని ఆయన మగ్గం ఆపితే చాలు, కళ్లు తెరిచి చూస్తుంది. అయితే అది మెలకువ లెక్క, పనికిరాదని తేల్చేశాను. మర్నాడు భార్యను మగ్గం మీద కూర్చోబెట్టి తను లెక్కపెట్టబోయారు. నేసే చెయ్యి మారిందని కనిపెట్టేసి అది లేచి, ఏమైందన్నట్టు ఇద్దర్నీ చూసిందట (ఈ ముచ్చట మా ఆసుపత్రిలో అందరికీ నటించి మరీ చూపించాను). ఆ పైరోజు ఆయన నేస్తుంటే ఆవిడ లెక్కపెట్టింది. నలభై ఒకటి. అంత చప్పుడులో ఆవిడకి మగ్గం దెబ్బలూ ఊపిర్లూ కలిసిపోయి ఉంటాయని, ప్రశాంతంగా ఉన్నచోట సరిగ్గా పెట్టమని క్లాసు పీకాను. అన్నం కూడా సగమే తింటోందమ్మా అని ఆయన నసిగితే, మాత్రల వల్లేనన్నాను. ఇలా అయిదు రోజులు గడిచాయి. రోజూ ఆయన నలభై పైమాటే చెప్పారు, రోజూ నేను కొట్టిపారేశాను.

ఆదివారం నాకు సెలవు. దగ్గరుండి లెక్క నేర్పితే గాని లాభం లేదని మంగళగిరి బస్సెక్కాను, స్టెతస్కోపుతోనే (కండక్టరు టికెట్టిచ్చి, మోకాళ్ల నొప్పులకి ఏం వాడాలో అడిగాడు). ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేత మొదలుపెట్టారు. కాసేపటికి పానకం నిద్రపోయింది. నేను వాచీ పట్టుకుని దాని డొక్క వైపు చూస్తూ లెక్కపెట్టాను. నలభై నాలుగు. తప్పయి ఉంటుందని మళ్లీ పెట్టాను. నలభై నాలుగే. పక్కన మగ్గం అంత మోగుతున్నా లెక్క ఎక్కడా తడబడలేదు. ఆటో మాట్లాడుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని ముగ్గురం ఆసుపత్రికి పరిగెత్తాం. ఆక్సిజన్ పెట్టారు, నీరు తీసే ఇంజెక్షన్లు చేశారు. పెద్ద డాక్టరు గారు నేను రాసుకున్న కాగితం చూసి, ముందే తెచ్చినా ఎన్నాళ్లుండేదో చెప్పలేం గాని, ఈ అయిదు రోజులూ ఇంత ఆయాసపడేది కాదు అన్నారు. మర్నాడు మధ్యాహ్నం పానకం పోయింది.

ఆవిడ ఏడుస్తూ దాని చెవులు నిమురుతోంది. ఆయన గోడకానుకుని నిలబడ్డారు. నేను చెప్పకుండా ఊరుకోవచ్చు, వాళ్లేమీ అడగలేదు. ఊరుకోలేకపోయాను.

"మీ లెక్క మొదట్నుంచీ కరెక్టేనండీ. నేనే నమ్మలేదు."

ఆయన నన్ను ఓదారుస్తున్నట్టుగానే అన్నారు.

"పోగులు లెక్కపెట్టుకుని బతికేవాళ్లం తల్లీ, మాకు లెక్క తప్పదు. కాకపోతే చదువుకున్నవారు, మీరు తప్పంటే తప్పేననుకున్నాం."

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ పిల్లని ఇప్పుడు నాలుగు చీవాట్లు పెడదామనుకుంటాను గాని, నోరు రాదు. కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని, బయట వరుసలో గుండెజబ్బు పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లని లోపలికి పిలిచింది పాపం. నిద్రలో ఊపిరి ఎంత ఉంటోందని అడిగింది. ఇరవై ఆరన్నారు వాళ్లు. మారుమాట్లాడకుండా రాసుకుంది.