తోడల్లుడి కొడుకు బారసాల

యల్లమందకు లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకటి వాన, రెండోది తోడల్లుడు రాజేష్. వాన వస్తే పిడుగురాళ్లలో అతను పనిచేసే సున్నపు బట్టీలో మంట చల్లారుతుంది. రాజేష్ వస్తే యల్లమంద కడుపులో మంట రేగుతుంది.

యల్లమంద ఇంద్రజను చేసుకుని పదేళ్లు. ఆమె చెల్లెలు కావ్యను రాజేష్ చేసుకుని ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ పెద్దల్లుడి కళ్లు చిన్నల్లుడి విస్తరి మీదే. అత్తగారు వీరరాఘవమ్మ కోడికూర వడ్డిస్తే వాడికి లివరు పడిందా, తనకు మెడ ముక్క పడిందా అని చూసుకునేవాడు. వాడు కొత్త బండి కొంటే మైలేజీ రాదని పదిమందికి చెప్పొచ్చాడు. టిప్పరు డ్రైవరుకి అంత పొగరేందని సణిగేవాడు. నిజానికి రాజేష్‌కి పొగరు లేదు. ఈయనకు ఇంకా మండేది అందుకే.

అలాంటి రాజేష్‌కి కొడుకు పుట్టాడు. అదీ నరసరావుపేటలో తాము తిరిగే ఆసుపత్రిలోనే, అదే హమీదా డాక్టరు చేతిమీద, అదే టెస్ట్‌ట్యూబ్ వైద్యంతో. వీళ్లకు రెండుసార్లు తప్పిపోయింది. వాళ్లకు మొదటిసారే నిలిచింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

“వాడికేమో మంచిది వేసింది డాక్టరమ్మ. మనకు మిగిలింది వేసింది” అన్నాడు యల్లమంద.

డాక్టరమ్మ మాత్రం చెప్పవలసింది ఇద్దరికీ ఎప్పుడో చెప్పింది. “ఇంద్రజ అండాలు బాగున్నాయి. మొదటి మూడు రోజులు పిండం దాదాపు అండంలోని సత్తువతోనే నడుస్తుంది. ఆ తర్వాత మగవాడి వైపు నుంచి వచ్చింది అందుకోవాలి. మీవి రెండుసార్లూ అక్కడే ఆగిపోయాయి. మీ వీర్యకణాల సంఖ్య తక్కువ, కదలిక తక్కువ, ఉన్నవాటిలోనూ దెబ్బతిన్నవి ఎక్కువ. బట్టీ సెగ, బీడీలు రెండూ మానండి. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేద్దాం. ఖాయమని చెప్పలేను గానీ, మారే అవకాశం ఉంది.”

యల్లమంద బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి బీడీ ముట్టించాడు.

ఇరవై ఏళ్లుగా బట్టీలో నిప్పు చూసేది అతనే. కాల్చిన రాయి మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి విరిగిపోవాలి. పొంగకపోతే రాయి మంచిది కాదంటారు అక్కడ. నిప్పు చూసేవాణ్ణి ఒక్క మాట అనరు. ఆ పద్ధతే ఇంటికీ పట్టుకొచ్చాడు మహానుభావుడు. పైగా మూడు నెలలు బట్టీ మానితే ఎందుకు మానావని ఓనరు అడుగుతాడు, వీధి అడుగుతుంది, అత్తారిల్లు అడుగుతుంది. ఏమని చెప్పాలి? అందుకే మానలేదు. “మా పెద్దదానికే ఏదో లోపం” అని వీరరాఘవమ్మ నలుగురిలో అన్నప్పుడు ఇంద్రజ తలొంచుకుంది. యల్లమంద వక్కపొడి నములుతూ కూర్చున్నాడు.

మొన్న మాత్రం ఇంద్రజ తేల్చి చెప్పింది. “నువ్వు బట్టీ మానందే నేను మళ్లీ సూదులు పొడిపించుకోను. నాకు ముప్పై ఆరొచ్చినయ్. ఇంకెన్నాళ్లుంటది ఆ ఆశ?”

ఆ మాట పక్కనపెట్టి యల్లమంద ఆమెను వెంటబెట్టుకుని క్రోసూరులో అత్తగారింటికి, రాజేష్ కొడుకు బారసాలకు బయలుదేరాడు. ఏడవలేక నవ్వుతూ ఉయ్యాల పక్కన నిలబడ్డాడు. పక్కింటి కోటమ్మ అక్షింతలేసి ఇంద్రజవైపు తిరిగింది.

“ఏమే ఇంద్రజా, నీ చెల్లెలి కడుపు పండింది. నీదెప్పుడే? గట్టి డాక్టరుకి చూపించుకోరాదా!”

ఉయ్యాల తాడు సరిచేస్తున్న రాజేష్ నవ్వాడు. “వదిన్ని అనమాక పిన్నీ. మా సంగతి చూడు, కావ్యకేం లోపం లేదు, అంతా నాదే. కౌంటు చానా తక్కువన్నది డాక్టరమ్మ. ఇంజిను వేడి మీద కూర్చోవద్దంటే టిప్పరు దిగి నాలుగు నెలలు కిరాణా కొట్లో పొట్లాలు కట్టా. సిగరెట్టు మానేశా. అప్పుడు నిలబడ్డది.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, యల్లమంద చెయ్యి జేబులో బీడీకట్ట మీదికి పోయింది.

“మగాడంటే నువ్వురా అయ్యా!” అంది కోటమ్మ. వీరరాఘవమ్మ మురిసిపోయింది. కావ్య తలెత్తి మొగుడివైపు చూసింది. ఆ చూపు యల్లమంద కంట పడింది. ఇంద్రజ తనవంక ఏనాడూ అలా చూడలేదు. లివరు ముక్క సరే, బండి సరే, కొడుకూ సరే, చివరికి లోపం చెప్పుకోవడంలో కూడా వీడే ముందా? ఇక ఓర్చుకోలేకపోయాడు.

“నాదీ అంతే!” అని అరిచాడు. “వాడికన్నా నాది ఇంకా తక్కువ!”

వేలంలో పాట పెంచినట్టున్న ఆ అరుపుకి పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. యల్లమంద ఆగలేదు.

“ఇంద్రజకేం లేదత్తా. రెండుసార్లూ పోయింది నావల్లే. రేపట్నుంచి మూడు నెలలు బట్టీ బంద్.”

వీరరాఘవమ్మ చేతిలో పళ్లెం కిందపెట్టి పెద్దకూతురి వైపు చూసింది.

సాయంత్రం క్రోసూరు బస్టాండులో ఇంద్రజ అడిగింది. “మరిది చెప్పబట్టి నువ్వు చెప్పావు. ఆయన నోరు తెరవకపోతే చెప్పేవాడివా?”

చెప్పేవాణ్ణే అనే అబద్ధం యల్లమంద నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

“చెప్పేవాణ్ణి కాదు” అన్నాడు.

రెండుసార్లు పిండం నిలవనప్పుడు కంటతడి పెట్టని ఇంద్రజ, నలుగురూ చూస్తుండగా ఆ బెంచీ మీద బావురుమంది.