ఓడ టికెట్టు మీద కొసరు

కరోనా సద్దుమణిగి జనం మళ్ళీ పెట్టెలు దులుపుకుని ప్రయాణాలు మొదలుపెట్టిన ఏడాది, ఎండలు ముదరకముందే మా యజమాని మూర్తిగారు నన్ను గుంటూరు ఆఫీసు నుంచి మంగళగిరి శాఖకు మార్చారు. శాఖ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. చేనేత చీరల కొట్టు పక్కన ఒక గది, రెండు కంప్యూటర్లు, గోడకి ఓ ఓడ బొమ్మ. నా హోదా సీనియర్ కౌంటర్ అసిస్టెంటు. టికెట్టు కొనేటప్పుడు జనం నవ్వుతూ మాట్లాడేదీ, ఏదన్నా తేడా వస్తే వచ్చి కేకలేసేదీ ఆ హోదా ముందే.

నేను చదివింది తొమ్మిదో తరగతి. పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక ఈ పనిలో చేరాను. మొదట్లో కాశీయాత్ర బస్సులకి సీట్లు రాసేదాన్ని. ఏ బస్సులో ఎవరు ముందు సీటు కోసం అలిగారో, ఎవరికి ఘాట్ రోడ్డు పడదో, ఎవరు ఉల్లిపాయ ముట్టరో ఈనాటికీ చెప్పగలను. బస్సుల తరవాత రైళ్ళు, రైళ్ళ తరవాత విమానాలు, చివరికి ఓడలు వచ్చాయి. ఓడంటే సరుకులు మోసేది కాదు, క్రూయిజ్. చెన్నైలో ఎక్కిస్తారు, శ్రీలంక తిప్పి మళ్ళీ చెన్నైలోనే దింపుతారు. తిండీ, పడకా, ఆటాపాటా అన్నీ అందులోనే.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఓడలో గదిని క్యాబిన్ అంటారు. అన్నిటికన్నా చవక లోపలి గది. దానికి కిటికీ ఉండదు, నాలుగు గోడలే. దానికన్నా కాస్త ఎక్కువ కిటికీ గది. ఆపైన బాల్కనీ గది. ముందు కొంత కట్టి గది పట్టుకుంటే, ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉండగానే మిగతాది కట్టేయాలి. దాన్ని ఫైనల్ పేమెంట్ అంటారు. అది కట్టకముందు ధర తగ్గితే మాకు చిక్కు లేదు. ఓడ కంపెనీకి ఒక మెయిలు పెడితే కొత్త ధరకి మారుస్తారు. కట్టేశాక తగ్గితే మాత్రం డబ్బు వెనక్కి రాదు. రద్దు చేసుకుని తక్కువ ధరకి మళ్ళీ కొందామంటే రద్దు కోత పడుతుంది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఆ కోత పెరుగుతుంది.

అద్దంకి దగ్గర పల్లె నుంచి కోటేశ్వరరావుగారు, ఆయన భార్య సీతారావమ్మగారు టికెట్లు కొన్నది నా దగ్గరే. మిరప, కొంచెం పొగాకు వేసే కుటుంబం. ఎప్పుడో మా కాశీ బస్సులో వచ్చారు. అప్పటి నుంచి నేను ఆయనకి చెల్లెమ్మని, ఆవిడ నాకు వదినగారు. ఆ ఏడు కాయకి మంచి ధర పలికింది. కొత్త ట్రాక్టరు కొని పెదకాకాని గుళ్ళో పూజ చేయించుకుని, అటునుంచటే మా ఆఫీసుకొచ్చారు. మళ్ళీ మిరప నారు పోసేలోపు ఎటన్నా వెళ్ళొద్దామని. ఆవిడ గోడ మీది ఓడ బొమ్మ చూసి, "చుట్టూ నీళ్ళే ఉంటే ఎట్టా ఉంటదో ఒకసారి చూడాలమ్మా," అంది. జీవితమంతా ఎర్రటి కల్లంలో కాయ తిరగేసిన మనిషి. అంతకుముందు ఏదీ కావాలని ఆవిడ నోటంట నేను వినలేదు.

గది సంగతి వచ్చేసరికి కోటేశ్వరరావుగారే తేల్చేశారు. "పడుకోవటానికే గదా, కిటికీ ఏం జేసుకుంటాం? లోపల్దే రాయి." ఆవిడ పమిట చెంగు సర్దుకుంది. నేను లోపలి గదే రాశాను. కొన్నాళ్ళకి పైకం మొత్తం కట్టేశారు.

ప్రయాణం ఇంకో నెల ఉందనగా ఒక పొద్దున నేను తాళం తీసేసరికి దంపతులిద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన మొహం పండు మిరపకాయలా ఉంది.

"ఏం చెల్లెమ్మా, నన్ను ముంచుతావా?"

విషయమేమిటంటే, ఆయన తోడల్లుడు సుబ్బారావుగారు, చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టాయన, అదే ఓడకి, అదే లోపలి గదికి, ముందురోజే ఫోన్లో టికెట్లు కొన్నారట. బాగా తక్కువకి. కొని ఊరుకోకుండా పనిగట్టుకుని ఫోన్ చేసి, "ఏం అన్నయ్యా, నువ్వు ఓడ టికెట్టు కొన్నావా, ఓడే కొన్నావా?" అన్నారట. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఈయనకి నిద్ర పట్టలేదు.

నేను ముందు కంప్యూటరు తెరిచి చూశాను. అరిచే మనిషికి జవాబు చెప్పేముందు నిజంగా తగ్గిందో లేదో చూడటం మా పని. చవక ధర అని కనిపించేవాటిలో చాలావాటికి రేవు ఖర్చులూ పన్నులూ కలిపి ఉండవు. కలిపి చూస్తే తేడా సగానికి దిగింది. కానీ ఉంది. ఉన్న మాటే చెప్పాను. ధర నిజంగానే తగ్గింది అన్నయ్యగారూ, అది కొత్తగా కొనేవాళ్ళకే, పూర్తిగా కట్టేశాక మనకి వెనక్కివ్వరు అని.

"ఎందుకివ్వరు? నేను మాట్లాడతా. కలుపు ఫోను."

వద్దన్నాను. వినలేదు. కంపెనీ ఫోన్లో తెలుగు వచ్చిన అమ్మాయి దొరికింది. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని, మిర్చి యార్డులో నిలబడ్డట్టు నిలబడ్డారు.

యార్డు పద్ధతి తెలియనివాళ్ళకి అది కూడా చెప్పాలి. అక్కడ మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. కొనేవాడు తక్కువ ధర చెబితే రైతు బేరమాడడు. "నాకొద్దు, నా టిక్కీలు నేను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటా," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి తిరుగుతాడు. నాలుగడుగులు వేసేలోపు వెనక నుంచి "ఆగు బాబాయ్" అని పిలుపొస్తుంది. ఆ పిలుపు రాకపోయినా ఏం కాదు, సరుకు తనదే. ఆ ధైర్యంతోనే రైతు అంత గట్టిగా వెనక్కి తిరిగేది.

కోటేశ్వరరావుగారు అచ్చంగా అలాగే, "నాకొద్దమ్మా మీ ఓడ. నా టికెట్లు తీసేయండి," అన్నారు. అని నా వైపు చూసి కన్ను కొట్టారు. చేతులు కట్టుకుని ఆ పిలుపు కోసం నిలబడ్డారు.

అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, "తప్పకుండా సార్. రెండు టికెట్లూ క్యాన్సిల్ చేస్తున్నాను. కోత పోను మిగిలింది మీ ఖాతాకి వస్తుంది. ఓకే చెయ్యమంటారా?" అంది.

ఆయన కట్టుకున్న చేతులు ఊడిపోయాయి. అటునుంచి కీబోర్డు చప్పుడు వినిపిస్తోంది. నేను ఫోను అందుకోబోయేలోపు సీతారావమ్మగారు బల్ల మీదికి వంగి ఫోను దగ్గరికి మొహం పెట్టింది.

"ఒద్దమ్మా! ఒద్దు తల్లీ, ఉంచు! ఆయన మాట పట్టించుకోమాక. ఆయన ఉత్తినే అన్నాడు. కాయ అమ్మేకాడా ఇంతే."

అవతల అమ్మాయి పక్కుమని నవ్వింది. నేను ఫోను తీసుకుని ఏజెంటు కోడ్ చెప్పి, రద్దు ఆపమని, టికెట్లు పదిలంగా ఉన్నాయో లేదో చూసి చెప్పమని అడిగాను. ఉన్నాయంది. అప్పుడు గానీ మా ముగ్గురికీ ఊపిరాడలేదు.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "వెనక్కి పిలవదేంటి చెల్లెమ్మా?" అన్నారు పసిపిల్లాడిలా.

"వాళ్ళకి పిలిచే అలవాటు లేదు అన్నయ్యగారూ. మీరు వెనక్కి తిరిగితే వాళ్ళు తలుపేసుకుంటారు."

"అయితే సుబ్బారావు ముందు నేను తలెత్తుకోలేను. పోవటం మానేద్దాం. ఓడా వద్దు గీడా వద్దు."

అది బెదిరింపు కాదు. ఈసారి ఆయన నిజంగానే అన్నారు. ఆవిడ మొహంలో రంగు మారడం నాకు కనిపించింది. తోడల్లుడి వేళాకోళానికి ఆవిడ సముద్రం ఎగిరిపోయేలా ఉంది.

ఆవిడే నెమ్మదిగా అంది. "రేటు దిగకపోతే పోనీయండి. కూరగాయలకాడ రేటు దిగనప్పుడు నేనేం జేస్తా? కొసరడుగుతా. వీళ్ళనీ కొసరడగండి."

"ఓడలో కొసరేందే, నీ మొహం. కొత్తిమీర కట్టిస్తారా?"

"కిటికీ ఇమ్మనండి," అంది ఆవిడ. "కిటికీ లేని గదిలో పడుకుంటే సముద్రం మీదున్నామో గోడౌన్లో ఉన్నామో ఎట్టా తెలుస్తది? ఆరోజే అడుగుదామనుకున్నా. మీరు తేల్చేశారు."

నాకు దారి కనిపించింది. ధర తగ్గించారంటే అర్థమేమిటి అని ఆయన్నే అడిగాను. ఆయన ఆలోచించి, "సరుకు మిగిలిందన్నమాట," అన్నారు. అంతే. గదులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గదితో ఓడ కదిలితే కంపెనీకి ఆ గది మీద రూపాయి రాదు. వాళ్ళు చేతిలో పడ్డ డబ్బు తిరిగివ్వడానికి ఒప్పుకోరు గానీ, ఖాళీగా పోయే గది ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. పైగా చవకగా అడిగే కొత్తవాళ్ళకి అమ్ముకోవడానికి వీళ్ళ లోపలి గది మిగులుతుంది. మా వృత్తిలో దీన్ని అప్‌గ్రేడ్ అంటారు. అది హక్కు కాదు, వాళ్ళ దయ. అందుకే అడగాల్సిన చోట, అడగాల్సిన తీరులో అడగాలి. ఫోన్లో మాట్లాడేవాళ్ళకి ఆ అధికారం ఉండదు. ధరలూ గదులూ చూసే విభాగం వేరే ఉంటుంది. దానికి ఏజెంటు పేరు మీద మెయిలు వెళ్ళాలి.

మూర్తిగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నసిగారు. ఒకరికి అడిగితే పదిమంది అడుగుతారనీ, కంపెనీ దగ్గర మన మాట పలచనవుతుందనీ అన్నారు. అది తీసిపారేసే మాట కాదు. ప్రతిదానికీ దేవిరించే ఏజెంటు మెయిలు కంపెనీవాళ్ళు చివరికి గానీ తెరవరు. ఆఖరికి మూర్తిగారు, ఒక్కసారి అడుగు, కాదంటే వదిలెయ్యి అన్నారు.

అడిగాను. మర్నాడు జవాబొచ్చింది. పూర్తిగా కట్టిన టికెట్లకి మార్పులు కుదరవు, ఇది మా పద్ధతి అని. వదిలెయ్యాల్సింది. కానీ నేను పంపిన మెయిలు మళ్ళీ చదువుకుంటే నేనడిగిన తీరు నాకే నచ్చలేదు. 'ధర తగ్గింది కాబట్టి మా వాళ్ళకి ఏదన్నా చెయ్యండి' అని రాశాను. ఏదన్నా అంటే వాళ్ళకేం తెలుస్తుంది? ఆవిడ నాకు స్పష్టంగా చెప్పింది, నేను వాళ్ళకి చెప్పలేదు.

కిటికీ గది ఆరోజు ధర తీసి చూశాను. అదీ తగ్గింది. తగ్గి తగ్గి, వీళ్ళు లోపలి గదికి కట్టిన ధర దగ్గరికే వచ్చింది. మూర్తిగారికి ఫోన్లో ఆ రెండు ధరలూ చెబితే, ఆయనే, "ఇది అడుక్కోవడం కాదు, లెక్క. పంపించు," అన్నారు. రెండో మెయిల్లో ఫిర్యాదు లేదు, తోడల్లుడి ప్రస్తావన లేదు. 'కిటికీ గదికి మీరు ఈరోజు కొత్తవాళ్ళని ఎంత అడుగుతున్నారో, ఈ దంపతులు అంత ఎప్పుడో కట్టారు. డబ్బు వెనక్కి అడగడం లేదు. వాళ్ళ లోపలి గది మీరు తీసుకుని, ఖాళీగా ఉన్న కిటికీ గది ఏదైనా సరే ఇప్పించండి' అని రాశాం. 'ఏదైనా సరే' అన్న మాట కావాలనే పెట్టాను. అవతలివాళ్ళకి ఒప్పుకోవడానికి కాస్త చోటు వదలాలి.

ఈసారి జవాబు సాయంత్రానికే వచ్చింది. ఇచ్చారు. ఒక షరతు, కిటికీకి అడ్డంగా లైఫ్ బోటు వేలాడుతుంది, సముద్రం సగమే కనపడుతుంది, ఒప్పుకుంటారా అని. ఆవిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"సగం సముద్రం చాలమ్మా," అంది. "సగమైనా ఎంతుంటది!"

తిరిగొచ్చాక ఇద్దరూ మళ్ళీ మా ఆఫీసుకి వచ్చారు, ఒక సంచీడు ఎండు మిరపకాయలు మోసుకుని. నారింజ రంగు పడవ పక్కనుంచి రోజూ సూర్యోదయం చూశానని ఆవిడ చెప్పింది. కోటేశ్వరరావుగారు మాత్రం కుర్చీ ముందుకి లాక్కుని, ఆయనకి ముఖ్యమైన సంగతి చెప్పారు.

"చెల్లెమ్మా, ఆ సుబ్బారావున్నాడే. లోపలి గది. పగలో రాత్రో తెలిస్తేనా? రోజూ పొద్దున్నే లుంగీ మీద వచ్చి మా తలుపు కొట్టేవాడు. ఎందుకో అడుగు."

"ఎందుకు?"

"తెల్లారిందా అన్నయ్యా, అని!"

ఆయన నవ్వుతుంటే పక్క చీరల కొట్టువాళ్ళు తొంగి చూశారు.

ఈ వ్యవహారంతో నేను నేర్చుకున్నవి తరవాత రిటైరయ్యేదాకా వాడుకున్నాను. పూర్తిగా కట్టేశాక ధర తగ్గితే, రద్దు అనే మాట బెదిరింపుగానైనా అనకూడదు, అవతలివాళ్ళు దాన్ని నిజంగానే తీసుకుంటారు. డబ్బు తిరిగి అడగడం కన్నా వాళ్ళ దగ్గర ఖాళీగా ఉన్నదేదో చూసి, దాని పేరు చెప్పి అడగాలి. ఒకోసారి ఇస్తారు, ఒకోసారి ఇవ్వరు. ఇక మా కౌంటరు పద్ధతి ఒకటి మారింది. అంతకుముందు గది ఏది కావాలని పైకం కట్టేవాళ్ళని అడిగేవాళ్ళం. ఆ తరవాత నుంచి, గదిలో పడుకోబోయే ఇద్దర్నీ విడివిడిగా అడిగి గానీ టికెట్టు రాయలేదు.