ప్రార్థన మనవికి జవాబు

దగ్గరికి జరగండి, కాళ్ళు చాపుకుని కూర్చోండి. నా తోడికోడలి మీద నేను కక్ష తీర్చుకున్న సంగతి చెబుతాను. తీర్చుకున్నందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు.

తొంభైల మొదట్లో అడిలైడ్‌లో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన అన్నగారు, మా బావగారు, యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. నేను నాలుగో తరగతితో ఆగిపోయినా, విన్నది మరిచిపోయేదాన్ని కాదు. అన్నం తింటూ ఆయన తాను పుస్తకం రాస్తున్న, ఫ్రాన్సు రాజు కొలువులోని ఒక ప్రభువు సంగతులు చెబుతుంటే, పప్పు వడ్డిస్తూ వినేదాన్ని. ఏడు వందల ఏళ్ళ నాటి మనిషి. ఆయనతో ఆలోచించనిదే రాజు అడుగు తీసి అడుగు వేసేవాడు కాదట.

మా ఇంటికి రాజు అత్తగారే. మంచం మీద నుంచే ఇల్లు నడిపేది, ఏదైనా ముందు నన్నే అడిగేది. అది బావగారి భార్యకు, నేను అక్కా అని పిలిచే ఆ తోడికోడలికి, గిట్టేది కాదు.

అత్తగారు గుండె ఆగి పోయింది. నెల తిరక్కుండానే, తెలుగువాళ్ళం ఆరాధనకు కూడే హాల్లో, సంఘ పెద్దాయన ప్రార్థన మనవులు, అంటే ఎవరి కోసం ఏమని ప్రార్థించాలో, అడిగితే అక్క లేచింది.

"అత్తయ్యగారికి టైముకి టాబ్లెట్స్ ఇవ్వనివాళ్ళని దేవుడు ఫర్గివ్ చేయాలని ప్రే చేయండి."

టాబ్లెట్లు ఇచ్చేది నేనేనని అందరికీ తెలుసు. మందుల లోపం లేదని, గుండే అలిసిపోయిందని ఆసుపత్రిలో డాక్టరు బావగారితో, అక్కతో చెప్పాడు. ఆ ఆదివారం బావగారు సిడ్నీలో ఉన్నారు. ఎవరైనా నింద వేస్తే ఎదురు చెప్పొచ్చు, ప్రార్థనకు ఏమని ఎదురు చెబుతాం? అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. భోజనాల దగ్గర నా కోడికూర గిన్నె మూత ఎవరూ తీయలేదు.

"పోనీలేవే," అన్నాడు మా ఆయన.

"పోనివ్వను," అన్నాను.

మరుసటి నెల పిల్లలకు కథ చెప్పే వంతు నాది. ఆ ప్రభువు కథ ఎత్తుకున్నాను. రాజు పోగానే, రాజు తమ్ముడు పాత పగతో ఆ ప్రభువు మీద పడ్డాడు. ముందు లెక్కల్లో తప్పు వెదికాడు, దొరకలేదు. అప్పుడు మైనపు బొమ్మలతో చేతబడి చేయించాడని నింద వేసి ఉరి తీయించాడు.

"దట్స్ నాట్ ఫెయిర్, ఆంటీ!" అంది ఒక పిల్ల.

"ఆగమ్మా, అయిపోలేదు. కొన్నేళ్ళకు ఆ తమ్ముడికి పక్షవాతం వచ్చింది. బీదలకు డబ్బు పంచుతూ, 'ముందు ఆ ప్రభువు కోసం ప్రార్థించండి, తర్వాతే నా కోసం' అని వేడుకున్నాడు."

చెప్పేటప్పుడు నేను చూసింది అక్కనే. పాటల పుస్తకంతో విసురుకుంటోంది.

"ఈ కథ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందమ్మా?" బావగారు నవ్వుతూ అడిగారు.

"పోయిన నెల అక్క చెప్పిన మనవి విన్నాక, బావగారూ."

"ఏం మనవి?"

ఒక పెద్దావిడ ఆగలేకపోయింది. "మీ అమ్మగారికి టాబ్లెట్సు ఇవ్వలేదంట గదా బాబూ!"

ఆయన నవ్వు ఆరిపోయింది. భార్య వైపు తిరిగారు. "డాక్టర్ ఏమన్నాడో నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

తరువాత జరగాల్సింది ప్రభువు బల్ల, అంటే యేసుప్రభువును తలుచుకుని అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. మనసులో తగువు ఉన్నవాళ్ళు సమాధానపడకుండా ఆ రొట్టె ముట్టకూడదు. అక్క గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సారీ చెల్లీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అంది చెవిలో.

"గుసగుసలొద్దక్కా. అది లేచి చెప్పావు, ఇదీ లేచే చెప్పు."

పెద్దాయన రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడిపోయారు. చెయ్యి వదిలించుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. అందరూ నా ముఖమే చూశారు, నేను మెత్తబడలేదు.

చివరికి అక్క లేచి నిలబడింది. "మా చెల్లి ఒక్క పూట కూడా టాబ్లెట్ మరిచిపోలేదు. డాక్టర్ నాతోనే చెప్పాడు. నేనే అబద్ధం ఆడాను. నా కోసం ప్రే చేయండి."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఆ పూట రొట్టె ఎంత తియ్యగా ఉందో!

విన్నారుగా. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పిల్లాపాపలు నిండు నూరేళ్ళు బతకాలి, దేవుడు మీ గడపను కాచుగాక.