డోమ్‌లో నా ప్రార్థన

ఈ రోజు మా చెల్లెలి కూతురు అన్వి సాఫ్ట్‌బాల్ ఆట చూడడానికి వెళ్ళాను. వాళ్ళుండే నోవై ఊళ్ళో బయటంతా మంచు కాబట్టి, గాలి నింపిన పెద్ద డోమ్‌ లోపల ఆడిస్తున్నారు. మూడు వారాలుగా పాపం దాని బ్యాట్‌కి ఒక్క బంతీ తగల్లేదు. ఈ రోజూ తగలకపోతే ఆట మానేస్తానని కారులోనే చెప్పింది.

దాని వంతు రాగానే నేను కళ్ళు మూసుకుని, బంతి బాగా ఎత్తుకు లేవాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఠప్పుమని చప్పుడైంది. సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాను. కళ్ళు తెరిచి చూస్తే, చప్పట్లు కొట్టింది నేనొక్కదాన్నే. బంతి వెళ్ళి డోమ్ కప్పుకు తగిలిందట. అక్కడ కప్పుకు తగిలితే అవుటట.

అన్వి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు ప్రే చేశావా?"

"చేశానమ్మా, బాగా పైకి వెళ్ళాలని."

"అయ్యో, పైకి వద్దు! ఇక్కడ రూఫ్ ఉంది కదా! నెక్స్ట్ టైమ్ స్ట్రెయిట్‌గా అని అడుగు, ఓకే?"

"అయితే మానేయవా?"

"వై? అంత హై కొట్టాను, చూడలేదా?"

చూడలేదు, కళ్ళు మూసుకున్నాను కదా. ఆ మాట దానికి చెప్పలేదు. మీరైతే పిల్లల ఆటలో ప్రార్థిస్తారా, చూస్తారా?