మునగండి, లెగండి

అట్టపెట్టె మూత తీయగానే గుప్పుమని పుల్లటి వాసన కొట్టింది. నా దగ్గర పరిశోధన చేస్తున్న శ్రావణి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేను మాత్రం పెట్టెలోకి ఇంకాస్త వంగాను. పాత ఎక్స్‌రే ఫిల్ములు ఏళ్ళ తరబడి మూలపడి ఉంటే వెనిగర్ వాసన వేస్తాయని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నాకు మాత్రం అది మా నాన్నగారి చొక్కా వాసన.

కాకినాడలో మా ల్యాబులో జరిగే పని ఏమిటో చెబితే మా చుట్టాలకి నవ్వొస్తుంది. పిల్లల ఎముకలు ఏ వయసులో ఎలా ఎదుగుతాయో కంప్యూటరు తనంతట తానే పోల్చుకునేలా ప్రోగ్రాములు రాస్తాం. పాత ఫిల్ములు స్కాన్ చేసి, పేర్లు కనబడకుండా కప్పేసి, వయసుల వారీగా పేర్చి, ఎక్కడెక్కడి పిల్లల ఎముకలనో ఒకదానిలోకి ఒకటి కరిగించి, తెర మీద ఒకే ఒక్క పిల్ల ఉయ్యాల నాటి నుంచి ఓణీ నాటి దాకా ఎదుగుతున్నట్టు చూపిస్తాం. "మా వదిన ఎముకలకి సినిమా తీస్తోంది" అని మా మరిది ఊరంతా టముకు వేశాడు. ఈసారి పెట్టెలు అమలాపురం నుంచి వచ్చాయి. ఎప్పుడో మూతపడిన ఒక నర్సింగ్‌హోమ్‌ని పడగొడుతూ అటక మీది ఫిల్ములన్నీ మాకు ఇచ్చేశారు. నా చిన్నతనమంతా ఆ నర్సింగ్‌హోమ్ వెనకగదిలో ఎక్స్‌రేలు తీసింది మా నాన్నగారే. ఊళ్ళో ఎక్స్‌రే దానియేలుగారంటే చాలు, చిరునామా అక్కర్లేదు.

ఆయన ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఒక తుపానుకి ఇంట్లోకి మొల్లోతు నీళ్ళొచ్చి ఆల్బమంతా అట్టకట్టుకుపోయింది, విడదీయబోతే మొహాలన్నీ ఊడి చేతికొచ్చాయి. మళ్ళీ తీయించుకోమంటే "ఊరందరికీ తీసేను కదే, ఇంక నాకెందుకు" అని నవ్వి తప్పించుకునేవారు. పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య కళ్ళు మూసుకుంటే ఆయన మొహం వెంటనే రావడం లేదు. ముందు కళ్ళజోడు వస్తుంది, తరవాత మీసం వస్తుంది, మిగతాది నేనే అతికించుకుంటున్నానేమోనని భయమేస్తుంది. అందుకే ఆ పెట్టెల కోసం చంటిపిల్లలా ఎదురుచూశాను. ఆయన చేతిరాతో, మరొకటో, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని.

ఆ వెనకగదికి నేనిప్పుడు కూడా కళ్ళకి గంతలు కట్టుకుని వెళ్ళగలను. కాలవగట్టు వెంబడి నడుస్తుంటే ముందు కొబ్బరికాయలు వలిచేవాళ్ళ గునపాల చప్పుడు, పచ్చి పీచు వాసన, లారీలోకి కాయలు విసురుతూ వేసుకునే లెక్కల పాట, ఆ తరవాత స్పిరిట్ వాసన, అదీ దాటాక ఈ పులుపు. చీకటిగదిలో ఒకే ఒక్క ఎర్ర బల్బు, మూడు తొట్లు, వాటిలో ఒక తొట్టిలోంచి నీళ్ళు కారుతూ పైకి లేచే నల్ల ఫిల్ము, దాని మీద మెల్లగా తెల్లబడుతూ ఎవరివో పక్కటెముకలు. కడిగిన ఫిల్ములు ఆరేసే చోటు గదిలో చాలక నాన్నగారు కొన్నింటిని ఇంటికి తెచ్చి, పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసేవారు. సరిగ్గా వాటి కిందే, చాప మీద, ఎండాకాలమంతా అమ్మ మాగాయ ముక్కలు ఎండబెట్టేది. "మీ ఎముకలు కాస్త అవతల ఆరేసుకోండీ, ముక్కల మీద నీళ్ళు కారతన్నాయి" అని ఆవిడ అరుపు, "ఆయ్" అంటూనే అంగుళం జరపని ఈయన వినయం. మా పెరటికి వచ్చిన వాళ్ళు ముందు ఝడుసుకునేవాళ్ళు, తరవాత మాగాయ జాడీ చూసి సర్దుకునేవాళ్ళు. ముసురు పడితే మాత్రం ఇంట్లో నాన్నగారితో మాట్లాడకూడదు. ఫిల్ములు ఆరవు, డాక్టరుగారు ఆగరు, ఈయన వసారాలో అటూ ఇటూ తిరుగుతూ వాటికి విసనకర్రతో విసిరేవారు.

పాడైపోయిన ఫిల్ముల్ని క్రిస్మస్ నెలకని దాచేవాళ్ళం. వాటిని వేడినీళ్ళలో నానబెట్టి రుద్దితే నలుపు పోయి అద్దంలాంటి రేకు మిగిలేది. వెదురుబద్దలతో కట్టిన నక్షత్రానికి రంగుకాగితాల మధ్య ఆ రేకులు కిటికీల్లా అంటించేవాళ్ళం. లోపల బల్బు వెలిగిస్తే మా వీధిలో మా నక్షత్రమే నక్షత్రం. ఒక ఏడు రుద్దే పని నా మీద పెట్టారు. నేను ఒక చేత్తో గులాబీపూల పిండివంట తింటూ ఒక చేత్తో రుద్దాను. కేరల్స్ పాడడానికి వచ్చిన చర్చి అయ్యగారు పాట మధ్యలో ఆగి పైకి చూసి, "దానియేలుగారూ, నక్షత్రానికి వెన్నెముక ఉందండి" అన్నారు. పాట పాడే గుంపంతా పకపకా నవ్వింది. అమ్మ నన్ను చూసిన చూపుకి చేతిలో పిండివంట చేతిలోనే ఉండిపోయింది.

అప్పట్లో మా వైపు ఎక్స్‌రేని ఎవరూ ఎక్స్‌రే అనేవాళ్ళు కాదు, ఫోటో అనేవాళ్ళు. ఫోటో అన్నాక ఫోటోలాగే వచ్చేవాళ్ళు. తలంటుకుని, మొహానికి పౌడరు రాసుకుని, పెట్టెలోంచి తీసిన మడత చీరలు కట్టుకుని, దగ్గుతూ, కుంటుతూ, కళకళలాడుతూ వచ్చేవాళ్ళు. రాజోలు వైపు నుంచి ఒక మామ్మగారు మెళ్ళో గొలుసు, జడలో కనకాంబరాలతో దిగింది. గొలుసు తీయాలండీ అంటే ఆవిడ మొహం వాడిపోయింది.

"అదేటండి బాబూ! ఫోటోకని మా కోడల్ని బతిమాలి పెట్టుకొచ్చేను. బోసి మెడతో ఎలా దిగుతానండి?"

నాన్నగారు ఒక్క క్షణం ఆలోచించి, "పోనీ గొలుసు ఒక్కటి మీ చేతిలో పట్టుకోండి మామ్మగారూ. పువ్వులు ఉంచుకోండి, పువ్వులు చక్కగా పడతాయండి" అన్నారు. పువ్వులు పడవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ మాత్రం ఊపిరితిత్తుల ఫోటోకి నోరారా నవ్వింది.

ఊపిరి బిగబట్టించడం ఆయనకి పెద్ద తంటా. "గాలి పీల్చి ఆపండి" అంటే కొందరు పీల్చి వదిలేసేవారు, కొందరు బొత్తిగా పీల్చేవారు కాదు, ఒకాయన "ఎంత పీల్చమంటారండీ?" అని అడిగి ఫిల్ము వృథా చేశాడు. అప్పుడు నాన్నగారు మా ఊరి మాట ఒకటి కనిపెట్టారు. "కాలవలో ఉన్నామనుకోండి. ఆ, మునగండి." అంతే, కోనసీమలో పుట్టినవాడెవడైనా సరే గుండెనిండా గాలి పీల్చి బిగబట్టేసేవాడు. యంత్రం బుర్రుమనేది. "లెగండి." అందరూ ఒకేలా హుఫ్ మని వదిలి, కొందరు అలవాటుకొద్దీ మొహం కూడా తుడుచుకునేవాళ్ళు. కొత్తపేట రైతు ఒకాయనకి మునగండి అని చెప్పి, కరెంటు పోతే మీటరు చూడ్డానికి బయటికెళ్ళారు నాన్నగారు. తిరిగొచ్చేసరికి ఆయన చింతనిప్పులా ఎర్రబడ్డ మొహంతో అలాగే నిలబడి ఉన్నాడు. "మీరు లెగమన్లేదు కదండీ" అన్నాడు పాపం, మాట వచ్చాక.

పిల్లలతో ఆ మాటా పనిచేసేది కాదు. చంటివాళ్ళని కదలకుండా పట్టుకునేటప్పుడు చేతికి కిరణాలు సోకకుండా సీసం పొదిగిన నల్లటి తొడుగులు ఉండేవి. వాటిని చూడగానే పిల్లలు బూచి వచ్చినట్టు గుక్కపట్టేవాళ్ళు. తల్లుల్ని పట్టుకోమంటే సగంమంది మళ్ళీ కడుపుతో ఉండేవాళ్ళు. అందుకని నాన్నగారు తొడుగులు మేకుకి తగిలించేసి, కుడిచేత్తో స్విచ్చు పట్టుకుని, ఎడంచేత్తో తానే బిడ్డ చేతినో కాలినో మెత్తగా అదిమి పట్టుకునేవారు. చిన్నప్పుడు రేవులో పంటు పడవని కట్టే తాడులో ఇరుక్కుని ఆయన ఎడమ చిటికెనవేలు విరిగి, వంకరగా అతుక్కుంది. ఆ వంకరవేలిని పిల్లలు గుప్పిట్లో పట్టుకుని ఊరుకునేవాళ్ళు. పోనుపోను ఆ చేతివేళ్ళ చర్మం ఎండి పగుళ్ళు తీసింది. "ఊళ్ళో పిల్లలందరూ మీ పిల్లలేటి? ఆ తొడుగులు వేసుకోండి" అని అమ్మ కొబ్బరినూనె రాస్తూ పోట్లాడేది. "ఏడుస్తారే" అనేవారు ఆయన.

నాకు ఏడేళ్ళప్పుడు, వలిచిన కొబ్బరికాయల రాశి ఎక్కి జారుడాట ఆడుతూ, కాయలతో సహా కిందికొచ్చి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. మణికట్టు మాగినకాయలా వాచిపోయి, మామ్మ చేయించిన, చేప ఆకారపు కొక్కెం ఉన్న వెండికడియం ఊడి రాలేదు. కడియంతోనే బల్ల మీద చెయ్యి పెట్టించారు. ప్రాణం పోతున్నంత నొప్పి. నాన్నగారు ఎడంచెయ్యి చాపారు. గుమ్మంలో నర్సమ్మ, డాక్టరుగారు, ఇంకా ఎవరెవరో చూస్తున్నారు. నేను ఎక్స్‌రే దానియేలుగారి కూతుర్ని. పళ్ళు బిగించి, "నన్ను పట్టుకోనక్కర్లేదు నాన్నగారూ, నేను కదలను" అన్నాను. ఆయన చాపిన చెయ్యి అలా గాలిలోనే కాసేపు ఉంచి, వెనక్కి తీసుకున్నారు. "మునుగమ్మా" అన్నారు. చేతి ఫోటోకి ఊపిరితో పనే లేదు, అయినా మునిగాను. కదల్లేదు. బయటికొచ్చాక ఆయన అందరితో, "మా పిల్లని పట్టుకోనక్కర్లేదండి" అని చెప్పుకుంటుంటే నాకు నొప్పి కూడా తెలియలేదు. ఆ మాట చాలా ఏళ్ళు పతకంలా మోసుకు తిరిగాను.

పెట్టెల్లో చేతిరాత దొరకలేదు. కవర్లన్నీ చెదలు తినేశాయి. వారం రోజులు స్కాన్ చేశాక శ్రావణి వచ్చి, "మేడమ్, ఈ ఊరి ఫిల్ముల్లో చెత్త ఎక్కువ వస్తోందండి. అంచుల్లో ఏవో అడ్డం పడుతున్నాయి. ప్రోగ్రాము అన్నీ కత్తిరించి పక్కన పడేస్తోంది, ఓసారి చూస్తారా?" అంది. బిడ్డ శరీరం కానిదేదైనా తీసెయ్యమన్న నియమం అందులో రాసింది నేనే. కత్తిరించిన ముక్కలు దాచిన ఫోల్డరుకి శ్రావణి 'చెత్త' అని పేరు పెట్టింది. తెరిచాను.

అన్నీ వేళ్ళే. పెద్దమనిషి వేళ్ళు. ఒక ముక్కలో చంటిబిడ్డ భుజం పక్కన రెండు, ఇంకోదానిలో మోకాలి దగ్గర మూడు, మరోదానిలో అరచెయ్యంతా. ప్రతి చిటికెనవేలూ ఒకే చోట, ఒకే వంకర. ఒక దానిలో ఆ వంకరవేలి చుట్టూ గోరంత గోరంత ఎముకలు చుట్టుకుని ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అవే చూస్తూ కూర్చున్నాను. ఊరందరికీ తీసి తనకెందుకన్న మనిషి, ఊరందరి ఫోటోల్లోనూ ఉన్నారు. ఆ పిల్లలందరూ ఇప్పుడు దుబాయిలోనో కువైట్‌లోనో, ఇక్కడే చేపలచెరువుల దగ్గరో బడిపంతుళ్ళుగానో ఉండి ఉంటారు. వాళ్ళని పట్టుకున్న చెయ్యి వాళ్ళకి గుర్తుండదు. కాలవలో ఇప్పుడెవరూ స్నానాలు చేయడం లేదు. స్కానింగ్ గదుల్లో రికార్డు చేసిన గొంతు ఒకటి ఇంగ్లీషులో ఊపిరి ఆపమంటుంది, మునగమని ఎవరూ అనరు. శాస్త్రం శాస్త్రమే కనక నియమం మార్చలేదు, ఆ ముక్కల్ని మాత్రం చెరపొద్దని చెప్పాను. ఎందుకని శ్రావణి అడిగింది. ఇది మా నాన్నగారి చెయ్యి అన్నాను. ఫోల్డరు పేరు ఆ పిల్లే మార్చింది.

ఆఖరి పెట్టెలో నాదీ దొరికింది. పేరు కప్పేసి ఉన్నా, మణికట్టు దగ్గర తెల్లగా మెరుస్తున్న కడియాన్నీ చేప కొక్కేన్నీ నేను పోల్చుకోలేనా? పెద్దది చేసి, నాలుగు అంచులూ వెతికాను. మళ్ళీ వెతికాను. ఎక్కడా ఒక వేలి నీడ కూడా లేదు.

ఎవరిదో తెలియని శ్రావణి వెనకనుంచి తొంగిచూసి సంబరపడింది. "ఇది భలే శుభ్రంగా ఉంది మేడమ్! కడియం ఒక్కటి తీసేస్తే చాలు. అస్సలు కదల్లేదండీ ఈ పిల్ల."

కదల్లేదు. ఒక్క పిసరు కదిలి ఉంటే పట్టుకునేవారు.