పిన్నితో పరిశోధనల కొండ మీదికి

నేను చదివింది పదో తరగతి. కొత్తపేటలో జాకెట్లు కుట్టుకుంటాను. అలాంటిదాన్ని విశాఖపట్నం యూనివర్సిటీకి వెళ్ళొచ్చానంటే మా వీధిలో ఇప్పటికీ నమ్మరు. పని నాది కాదు, మా పిన్నిది.

పిన్నిది కాట్రేనికోన. తుఫానులో బాబాయి చేపల వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఆవిడ కంటినిండా నిద్రపోవడం ఎవరూ చూడలేదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది. కిందటేడు యూనివర్సిటీ నుంచి సుధారాణి గారని ఒకావిడ, తుఫానులో అయినవాళ్ళని పోగొట్టుకున్న మనుషుల మనసుల మీద పరిశోధన చేస్తూ వాళ్ళ ఊరు వచ్చారు. వైద్యం అవసరమని తేలినవాళ్ళని తమ పెద్ద డాక్టరు గారు ఉచితంగా చూస్తారు, ఒకసారి తీసుకురండి అని మొన్న కబురు పెట్టారు. అవసరం లేదని తేలితే మటుకు అంతే, తిరిగి పంపించేస్తారు. నా బెంగంతా దాని గురించే.

ముందురోజే పిన్నిని మా ఇంటికి రప్పించి, తెల్లవారుతూనే మొదటి బస్సు పట్టుకుని రావులపాలెం, అక్కణ్ణించి ఇంకో బస్సులో రాజమండ్రి. మీరు వెళితే కుడిచేతి వైపు కూర్చోండి. జొన్నాడ వంతెన మీద పొద్దుటెండలో గోదారి బాగుంటుంది. రాజమండ్రిలో స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదికి ముందే విశాఖ వెళ్ళే పగటి రైలెక్కాం.

మా ఎదుటి సీట్లో కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. ఎక్కడికమ్మా అన్నారు. యూనివర్సిటీకండీ అన్నాను.

"సీటొచ్చిందా అమ్మా నీకు?"

"నాక్కాదండీ, మా పిన్నికి. పరిశోధనకి పిలిచేరు."

ఆయన పిన్నిని పైనుంచి కిందదాకా చూశారు. "పరిశోధనంటే రాకెట్లు కదమ్మా! ఈవిణ్ణి అందులో ఎక్కించేస్తారేంటి కొంపదీసి?"

నిజం చెప్పాలంటే నా తలకాయలోనూ అంతకంటే ఏం లేదు. పరిశోధనంటే తెల్లకోటు, గాజు గొట్టాలు, పొగ.

మధ్యాహ్నానికి విశాఖలో దిగి, సిటీ బస్సులో యూనివర్సిటీ గేటు దాకా వెళ్ళాం. లోపలంతా కొండ ఎక్కడమే, పాత చెప్పులతో వెళ్ళకండి. మనస్తత్వ శాస్త్రం మేడ ఎక్కడని అడిగితే వాచ్‌మన్ చేయి చూపించాడు. ఆ చేయి చూపించినవైపు ఎన్ని మేడలున్నాయో అతనికి పట్టలేదు. అలా దారి తప్పడమే మంచిదయింది.

మొదటి మేడలో గది నిండా సీసాలు, సీసాల నిండా మట్టి. గోదారి సముద్రంలో కలిసే చోట అడుగునుంచి తీసిన ఒండ్రట. ఏ పొర ఏ వరదకి వచ్చిందో చూస్తున్నానమ్మా అన్నాడు అక్కడున్నాయన. మనం కాళ్ళు కడుక్కుని వదిలించుకునే మట్టిలో పాత వరదలన్నీ దాగి ఉన్నాయంటే నా కాళ్ళకేసి చూసుకున్నాను. పక్క మేడలో ఒకమ్మాయి మా కొబ్బరికాయల మీద మచ్చలు తెచ్చే నల్లి పురుగుని మైక్రోస్కోపులో చూపించింది. పిన్ని కన్ను ఆనించి "అమ్మో, దీనికి కాళ్ళు కూడా ఉన్నాయే!" అంది. ఇంకో మేడలో ఒక పెద్దావిడ, పూర్వం కాలవల మీద పడవల్లో ఏ సరుకు ఎక్కడికి వెళ్ళేదో ముసలివాళ్ళని అడిగి తెలుసుకుంటున్నారట. దానికీ డిగ్రీ ఇస్తారట! కాలవగట్టు కబుర్లకి డిగ్రీ!

మెట్ల దగ్గర గడ్డపాయన ఒకరు టేప్‌రికార్డర్ పట్టుకుని ఎదురయ్యారు. ప్రసాద్ గారట, భాష మీద పరిశోధన.

"కోనసీమ నుంచా అండీ?" అన్నారు.

"ఆయ్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"అడగక్కర్లేకపోయింది" అని నవ్వి, ఏ జిల్లావాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో పోగు చేస్తున్నానని చెప్పి, మమ్మల్ని సుధారాణి గారి గది దాకా దిగబెట్టారు.

లోపల సుధారాణి గారూ, పెద్ద డాక్టరు గారూ ఉన్నారు. పిన్ని కుర్చీ అంచు మీద కూర్చుంది. నన్ను మాట్లాడొద్దన్నారు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అండీ?" అన్నారు డాక్టరు గారు.

"ఆయ్."

"అన్నం తింటున్నారా?"

"ఆయ్."

"మనసు స్థిమితంగానే ఉంటోందా?"

"ఆయ్."

ఇంత దూరం వచ్చి అబద్ధాలాడుతోందేమిటి ఈవిడ? డాక్టరు గారు సుధారాణి గారి వైపు తిరిగి "బాగానే ఉన్నారు కదమ్మా, ఎందుకు రప్పించారు?" అన్నారు. ఆవిడకేం తోచిందో, "భయం వేస్తోందా అండీ?" అని అడిగారు. ఆయ్. "అసలేం భయం లేదా?" ఆయ్.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అప్పటికి వెలిగింది నాకు.

"ఆయ్ అంటే అవునని కాదండీ బాబూ!" అని లేచిపోయాను. "పెద్దవాళ్ళు మాట్లాడతంటే మావాళ్ళు అలాగే అంటారండి. కావాలంటే ఆ గడ్డపాయన్ని అడగండి!"

ఆయన ఇంకా వరండాలోనే ఉన్నారు. పిలిస్తే వచ్చి, సంగతి విని, డాక్టరు గారితో మెల్లగా చెప్పారు: "ఈవిడ జవాబు చెప్పట్లేదండీ, ఊకొడుతున్నారు. మర్యాదకి. అవునూ కాదూ అనడానికి వీల్లేకుండా అడిగి చూడండి."

డాక్టరు గారు కళ్ళజోడు తీసేశారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "అమ్మా, దీపం ఆర్పేక మీరేం చేస్తారు?" అన్నారు.

పిన్ని ఈసారి ఆయ్ అనలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"తలుపు గడియ తీసి కూర్చుంటానండి. ఆయనొస్తే తలుపు కొట్టలేరు కదండీ. రెండు చేతుల్లోనూ వలుంటాది."

సుధారాణి గారు కిటికీ వైపు తిరిగిపోయారు. డాక్టరు గారు మటుకు అలాగే కూర్చుని, ఇంకా ఇంకా అడిగారు. పిన్ని చెబుతూనే ఉంది. మా అమ్మకి కూడా చెప్పని మాటలన్నీ. ఆఖర్న మాత్రలు రాసి, నెలకోసారి రమ్మన్నారు. గడియ వేసుకోమని మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి సుధారాణి గారు ఆడపిల్లల హాస్టల్లో చోటిప్పించారు. పెరుగన్నం, ఆవకాయ పెట్టారు. మంచాలు ఇరుకు గానీ గదులు శుభ్రం.

మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలెక్కాం. దారి పొడుగునా నాకు ఆ మేడలే కళ్ళలో తిరిగాయి. ఒకరు మట్టినీ, ఒకరు నల్లినీ పట్టుకుని ఏళ్ళకేళ్ళు కూర్చున్నారు. రెండక్షరాల మాటని పట్టుకుని కూర్చున్నాయన ఆ వరండాలో లేకపోతే మా పిన్ని గతేంటి? ఎవరి చదువు ఎవరిని ఎప్పుడు ఆదుకుంటుందో ఆ కొండ మీదివాళ్ళకైనా తెలుసో లేదో.

అనకాపల్లి దాటాక పక్కనున్న జాంకాయలమ్మే ఆవిడ పిన్నిని పలకరించింది. "మీ ఆయనేం చేస్తారమ్మా?"

నేను మాట మార్చబోయాను. పిన్ని నా చేయి పట్టి ఆపింది.

"లేరండీ. సముద్రమ్మీద పోయేరు."

పోయేరు అన్న మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. తుని దాకా ఏడ్చింది. జాంకాయలావిడ వీపు మీద చెయ్యేసి కూర్చుంది. సామర్లకోట దాటేసరికి పిన్ని తల నా భుజం మీద వాలింది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక.

రాజమండ్రి వచ్చింది. మా టిక్కెట్టు అక్కడికే. నేను లేపలేదు. గోదారి వంతెన మీద రైలు అంత గోల చేసినా పిన్ని కదల్లేదు. టిక్కెట్టు కలెక్టరు వస్తే ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ, భుజం కదపకుండా కూర్చున్నాను.