రెండోసారి మోగని గంట

పదవీ విరమణకు ముందు ఏడాది, వరదల కాలం మొదలవుతుండగా, నన్ను రాజమండ్రిలో మా దినపత్రిక వెబ్ విభాగానికి ఇన్‌ఛార్జిగా వేశారు. మొదటి పని వరద పేజీ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని బట్టి అధికారులు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ఏ హెచ్చరిక వచ్చినా, తెరిచి ఉంచిన పేజీలో గంట మోగాలి.

గోదావరి మధ్య లంక గ్రామాల్లో సిగ్నల్ అంతంతమాత్రం. హెచ్చరిక నాలుగు అక్షరాలే కనుక ఎలాగో అందుతుంది. శబ్దం ఫైలు బరువు. అందుకే పాఠకుడు గంట బొమ్మ నొక్కగానే ఫైలు ఒక్కసారి దిగి, బ్రౌజర్ మెమరీలో ఉండిపోయి, ప్రతి హెచ్చరికకూ అదే మోగేలా నరసాపురం నుంచి వచ్చిన మా ప్రోగ్రామర్ సువార్త రాసింది. ఆమోదించాల్సింది నేను. పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ మోగింది.

మొదటి హెచ్చరికకు గంట మోగింది. మర్నాడు మధ్యాహ్నం రెండోది వచ్చింది. పేజీలో అక్షరాలు మారాయి కానీ గంట మోగలేదు. సాయంత్రం ఒక లంక నుంచి సత్తిబాబు గారనే పాడిరైతు ఫోన్ చేశారు. పేజీ తెరిచి, ఫోన్ పాకలో పెట్టుకుని పని చేసుకుంటున్నారట.

"మొదటి గంట విన్నామండి. రెండోది మోగలేదు కదా, ఇంకా టైముందనుకున్నాం. నాలుగు గేదెల్ని పడవెక్కించామండి. మిగతా రెండూ వరదలో పోయాయి."

ఆయన నిష్ఠూరమాడలేదు. గంట ఎందుకు మోగలేదని మాత్రం అడిగారు.

సువార్త అరగంటలో కారణం పట్టుకుంది. మెమరీలో ఉన్న శబ్దాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. దాన్ని వినిపించే భాగం మాత్రం ఒక్క మోతకే పనికొస్తుంది. ప్రతిసారీ కొత్తది తయారు చేయాలి. ఆమె పాతదాన్నే మళ్ళీ మొదలుపెట్టమంది, బ్రౌజర్ నిరాకరించింది.

"అచ్చు ప్లేటు ఒకటేనండి, కాగితం మాత్రం ప్రతిసారీ కొత్తది పెట్టాలి. నేను అచ్చేసిన కాగితమే మళ్ళీ పెట్టేశాను. మరి మీకు పదిసార్లు ఎలా మోగిందండి?"

ప్రతిసారీ పేజీని రిఫ్రెష్ చేసి చూశానన్నాను.

"అయితే మీరు పదోసారి దాకా వెళ్ళలేదండి. మొదటిసారినే పదిమార్లు చూశారు."

అచ్చు విభాగంలో ఇన్నేళ్ళూ ప్రతి ప్రూఫునూ కొత్త కాగితం మీద చూసిన అలవాటు నాది. పాఠకుడు పేజీ తెరిచి అలాగే ఉంచుతాడన్నది నాకు తట్టలేదు.

తప్పు మాదేనని మర్నాటి సంచికలో వేశాం. సరిచేసిన పేజీని కదపకుండా ఎదురుగా పెట్టుకుని మూడు మోతలూ వరుసగా విన్నాకే సంతకం చేశాను. మూడో హెచ్చరికకు గంట మోగింది. అప్పటికి సత్తిబాబు గారి పాకలో వినేవాళ్ళు లేరు. లంక ఖాళీ అయింది.

హెచ్చరిక ఇస్తామని ఒకసారి మాటిచ్చాక, మన మౌనాన్ని కూడా జనం వార్తగానే తీసుకుంటారు.